నిమ్మజాతి చెట్లలో పోషక లోపాలు

నిమ్మజాతి చెట్లలో పోషక లోపాలు అనగా బత్తాయి, నిమ్మ, కమలా, నారింజ, పంపరపనస వంటి చెట్లకు అవసరమైన ఖనిజ మూలకాలు తగినంత అందనప్పుడు ఆకులు, కొమ్మలు, కాయలపై కనిపించే మార్పులు. ఆకులు పసుపుబారడం వీటిలో సర్వసాధారణమైన లక్షణం. అయితే పసుపుబారిన చెట్లన్నింటికీ ఎరువు కొరతే కారణం కాదు. మూలకం నేలలో ఉండి కూడా వేళ్ళకు అందకపోవచ్చు. వేరుకుళ్ళు, గ్రీనింగ్ వంటి తెగుళ్ళు కూడా పోషక లోపాన్ని పోలిన లక్షణాలనే చూపుతాయి. అందువలన చికిత్స కంటే ముందు సరియైన నిర్ధారణ ముఖ్యం.

కారణాలు

నిమ్మజాతి చెట్లు స్వల్ప ఆమ్ల నేలల్లో బాగా పెరుగుతాయి. నేల ఉదజని సూచిక పెరిగి క్షారత్వం వైపు మారిన కొద్దీ ఇనుము, జింకు, మాంగనీసు నీటిలో కరగని రూపాలకు మారతాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఈ మూడింటి లోపాలు తరచుగా కలిసే కనిపిస్తాయి. బత్తాయిని చీనీ అని పిలిచే రాయలసీమలోనూ, నల్గొండ ప్రాంతంలోనూ సున్నపు నేలల్లోని తోటలలో ఈ సమస్య ఎదురవుతుంది.

ఒక మూలకం అధికం కావడం వలన మరొకటి అందకపోవడం కూడా ఉంది. పొటాష్ ఎక్కువైతే మెగ్నీషియం, భాస్వరం ఎక్కువైతే జింకు గ్రహించడం తగ్గుతుంది. పాదుల్లో నీరు నిలిచినప్పుడు వేళ్ళకు గాలి ఆడక, నేలలో పోషకాలున్నా చెట్టు వాటిని తీసుకోలేదు.

ముదురు ఆకులు, లేత ఆకులు

లోపం మొదట ఏ ఆకులపై కనిపించిందో చూడడం నిర్ధారణలో తొలి మెట్టు. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం చెట్టులో ఒకచోటి నుండి మరొకచోటికి కదలగలవు. ఇవి తక్కువైనపుడు చెట్టు ముదురు ఆకులలోని నిల్వను కొత్త చిగుళ్ళకు, కాయలకు పంపుతుంది. కనుక లక్షణాలు ముదురు ఆకులపై మొదలవుతాయి. ఇనుము, జింకు, మాంగనీసు, రాగి, బోరాన్, కాల్షియం అంత సులభంగా కదలవు. వీటి లోపం కొత్త చిగుళ్ళలో బయటపడుతుంది.

ముఖ్య లక్షణాలు

* నత్రజని: ముదురు ఆకులు ఈనెలతో సహా ఒకే రీతిగా లేత పసుపుకు మారి రాలిపోతాయి. చిగురు తగ్గుతుంది.
* మెగ్నీషియం: ముదురు ఆకు అంచుల వైపు పసుపుబారి, తొడిమ దగ్గర మాత్రం ఆకుపచ్చని త్రికోణం మిగులుతుంది. కాపు ఎక్కువగా ఉన్న కొమ్మలలో, గింజలు ఎక్కువగా ఉండే రకాలలో తీవ్రంగా ఉంటుంది.
* పొటాషియం: కాయలు చిన్నవై, తొక్క పలుచగా, నునుపుగా ఉంటుంది.
* ఇనుము: లేత ఆకు పాలిపోయి, సన్నని ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలవలె కనిపిస్తాయి. తీవ్రమైతే ఆకు దాదాపు తెల్లబడుతుంది.
* జింకు: కొత్త ఆకులు చిన్నవిగా, సన్నగా, కొనదేలి ఉంటాయి. ఈనెల మధ్య స్పష్టమైన పసుపు మచ్చలు ఏర్పడతాయి. కణుపుల మధ్య దూరం తగ్గి ఆకులు గుబురుగా కనిపిస్తాయి.
* మాంగనీసు: ఈనెల వెంట ఆకుపచ్చ పట్టీ ఉండి మధ్య భాగం లేత ఆకుపచ్చగా మారుతుంది. జింకు లోపంలో వలె ఆకు చిన్నది కాదు.
* రాగి: పొడవైన, మెత్తని కొమ్మలపై ముదురు ఆకుపచ్చని పెద్ద ఆకులు వస్తాయి. తరువాత కొమ్మలు చివరినుండి ఎండి, బెరడు కింద బంక చేరుతుంది.
* బోరాన్: కాయలు గట్టిపడి, తొక్కలోని తెల్లని భాగంలో బంక ఏర్పడుతుంది.

తెగుళ్ళతో పోలిక

పోషక లోపంలో మధ్య ఈనెకు రెండు వైపులా మచ్చలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. గ్రీనింగ్ తెగులులో మచ్చలు ఈనెలను దాటి అడ్డదిడ్డంగా వ్యాపించి, ఆకు రెండు సగాలు వేర్వేరుగా కనిపిస్తాయి. మొదట ఒకటి రెండు కొమ్మలే పసుపుబారడం, కాయలు వంకరగా పెరగడం, గింజలు తాలుపోవడం దీని ఇతర లక్షణాలు. ఈ తెగులు సోకిన చెట్టుపై జింకు లోపాన్ని పోలిన ఆకులు కూడా వస్తాయి కనుక పొరబాటుకు అవకాశం ఎక్కువ. అనుమానం ఉన్నపుడు ప్రయోగశాలలో పి.సి.ఆర్. పరీక్ష చేయిస్తారు.

ఈ పొరబాటు చరిత్రలోనూ జరిగింది. దక్షిణ చైనాలో ఈ తెగులును నీటి ముంపు, పోషక లోపం వంటి వాటికి ఆపాదించేవారు. ఇది అంటు ద్వారా వ్యాపించే వ్యాధి అని 1956లో లిన్ కుంగ్-సియాంగ్ నిరూపించాడు. భారతదేశంలో నిమ్మజాతి చెట్లు క్రమంగా ఎండిపోవడానికి గ్రీనింగ్ ముఖ్య కారణం కావచ్చునని 1966లో ఫ్రేజర్, సింగ్, కపూర్, నరియానీ ప్రకటించారు. కారకం బాక్టీరియా అని ఆ తరువాత తెలిసింది. సిల్లా అనే రసం పీల్చే చిన్న పురుగు దీనిని వ్యాప్తి చేస్తుంది. సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే పద్ధతి లేదు. లోపమని భావించి ఎరువులు వేస్తూ కాలయాపన చేస్తే పక్క చెట్లకు కూడా సోకుతుంది.

ఈనెలు పసుపుబారి, మిగిలిన ఆకు ఆకుపచ్చగా ఉంటే కాండంపై బంక తెగులు, వేరుకుళ్ళు ఉన్నాయేమో పరిశీలించాలి.

ఆకుల విశ్లేషణ

కంటికి కనిపించే లక్షణాలను ఆకుల విశ్లేషణతో నిర్ధారించుకోవచ్చు. కాయలు లేని కొమ్మల నుండి 4 నుండి 6 నెలల వయసు గల ఆకులను, తోటలో వివిధ చెట్ల నుండి సేకరిస్తారు. అమెరికాలోని ఫ్లోరిడా ప్రమాణాల ప్రకారం బత్తాయి వర్గపు చెట్ల ఎండిన ఆకులలో నత్రజని 2.5 నుండి 2.7 శాతం, మెగ్నీషియం 0.30 నుండి 0.49 శాతం, జింకు పది లక్షల భాగాలలో 25 నుండి 100 భాగాలు ఉండడం అనుకూలం. ఇటీవల మందు పిచికారీ చేసిన ఆకులు పైపూత వలన తప్పు ఫలితం ఇవ్వవచ్చు. నేల ఉదజని సూచికను, సున్నపు శాతాన్ని కూడా పరీక్షించాలి.

నివారణ

జింకు, మాంగనీసు లోపాలకు ఆకులపై పిచికారీ మేలైనది. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, 2.5 గ్రాముల సున్నం కలిపి కొత్త ఆకులు విచ్చుకున్న దశలో చల్లుతారు. సున్నం ద్రావణపు ఆమ్లత్వాన్ని తగ్గించి ఆకులు మాడకుండా కాపాడుతుంది. చల్లిన జింకు తరువాతి చిగుళ్ళకు పెద్దగా చేరదు కనుక అవసరాన్ని బట్టి మళ్ళీ చల్లాలి.

ఇనుము లోపం పిచికారీతో సంతృప్తికరంగా సరికాదు. ఫ్లోరిడాలో స్టూవర్ట్, లియొనార్డ్ అనే శాస్త్రవేత్తలు ఇనుప చిలేట్లను నేలకు వేసి లోపాన్ని సరిచేయవచ్చునని 1952లో చూపారు. ఆమ్ల నేలలకు ఇ.డి.టి.ఎ. చిలేటు సరిపోతుంది. సున్నపు నేలల్లో అది నిలవదు కనుక ఇ.డి.డి.హెచ్.ఎ. చిలేటు వాడతారు.

ఆమ్ల నేలల్లో మెగ్నీషియం లోపానికి డోలమైటు వేస్తారు. బోర్డో మిశ్రమం తరచుగా వాడే తోటలలో రాగి లోపం అరుదు. బోరాన్ విషయంలో లోపానికి, విషప్రభావానికి మధ్య అంతరం చాలా తక్కువ కనుక, పరీక్ష లేకుండా వాడకూడదు.

పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేయడం, నీరు నిలువకుండా కాలువలు తీయడం వేళ్ళ ఆరోగ్యానికి తోడ్పడతాయి. పసుపుబారిన పాత ఆకులు చికిత్స తరువాత కూడా పూర్తిగా కోలుకోకపోవచ్చు. కనుక ఫలితాన్ని తరువాత వచ్చే చిగురును బట్టి నిర్ణయించాలి. సరియైన మోతాదు అందిన తరువాత కూడా కొత్త చిగురు అదే తీరున వస్తుంటే, వేళ్ళను, తెగుళ్ళను మళ్ళీ పరిశీలించవలసి ఉంటుంది.