పాక్స్ వైరస్‌ల జీవనచక్రం

పాక్స్ వైరస్‌లు డీఎన్‌ఏ జన్యుపదార్థంగా గల పెద్ద వైరస్‌ల కుటుంబం. మశూచి, ఎంపాక్స్, పశువులకు వచ్చే లంపీ స్కిన్ వ్యాధులు వీటివల్ల కలిగేవే. ఆటలమ్మ మాత్రం, ఇంగ్లిషు పేరులో పాక్స్ ఉన్నా, హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్ తెచ్చే జబ్బు. ఈ కుటుంబం గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్‌ను పరిశీలించి తెలుసుకున్నదే. దాని డీఎన్‌ఏలో సుమారు 1,90,000 క్షార జతలు, 200 దాకా జన్యువులు ఉంటాయి.

డీఎన్‌ఏ వైరస్‌లు చాలావరకు కణకేంద్రకంలోకి చొరబడతాయి. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే సరంజామా అక్కడే ఉంటుంది మరి. పాక్స్ వైరస్ ఆ గడప తొక్కదు. కణద్రవ్యంలోనే కాపురం పెడుతుంది. కావలసిన ఎంజైములను వెంట తెచ్చుకుంటుంది.

ప్రవేశానికి దీనికి ఫలానా గ్రాహకమే కావాలన్న పట్టింపు కనిపించదు. కణం ఉపరితలంపై ఉండే హెపరాన్ సల్ఫేట్ వంటి చక్కెర గొలుసులకు అతుక్కుంటుంది. వైరస్ పొరలోని ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం, చనిపోతున్న కణాల తునకల మీద కనిపించేదే. తునక అనుకుని కణం దాన్ని మింగేస్తుంది. ఇంతకంటే గడుసు వేషం వైరస్‌లలో అరుదు. వైరస్ పొర, కణపు పొర కలిసిపోయాక వైరస్ గర్భభాగం కణద్రవ్యంలో పడుతుంది. చాలా వైరస్‌లు ఒకటి రెండు ప్రోటీన్లతో ముగించే ఈ కలయికకు పాక్స్ వైరస్ పదికి పైగా ప్రోటీన్లను వాడుతుంది.

ఆ గర్భభాగం విచ్చుకోకముందే, నిమిషాల్లో, లోపల పని మొదలవుతుంది. వైరస్ రేణువులోనే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉందని 1967లో తేలింది. అది తొలిదశ జన్యువుల నుంచి వార్తాహర ఆర్‌ఎన్‌ఏలను తయారుచేస్తుంది. వాటిని చదివి ప్రోటీన్లు అల్లేది కణపు రైబోజోములే. ఆ ప్రోటీన్లలో కొన్ని శరీర రక్షణను ఏమార్చుతాయి, కొన్ని డీఎన్‌ఏకు నకళ్లు తీస్తాయి. నకళ్లు తయారయ్యే చోట్లను వైరస్ కర్మాగారాలంటారు. 1892లో ఇటలీకి చెందిన గార్నియెరి సూక్ష్మదర్శినిలో వీటిని చూసి పరాన్నజీవులని పొరబడ్డాడు.

నకళ్లు పడ్డాకే మధ్యదశ జన్యువులు, వాటి వెనుక మలిదశ జన్యువులు మేల్కొంటాయి. మలిదశలో తయారయ్యేవాటిలో తొలిదశను నడిపే ప్రోటీన్లు కూడా ఉంటాయి. అవి కొత్త రేణువుల్లోకి చేరతాయి: మరో కణంలో దిగగానే పని మొదలుపెట్టడానికి దారిబత్తెం అన్నమాట.

ఆ కొత్త రేణువులు రూపుదిద్దుకునేటప్పుడు నెలవంక ఆకారపు పొరలు గుండ్రంగా మూసుకుని, ఆపై ఇటుక రూపం దాలుస్తాయి. ఇలా తయారైన రేణువులు ఎక్కువగా కణం పగిలేదాకా లోపలే ఉండిపోతాయి. కొన్ని మాత్రం అదనపు పొరలు కప్పుకుని, సూక్ష్మనాళికల మీదుగా అంచుకు చేరి బయటపడతాయి. కణంలోని ఆక్టిన్ పోగుల తోపుతో పక్క కణాన్ని అందుకుంటాయి. మశూచి చికిత్సకు 2018లో అమెరికా అనుమతించిన టెకోవిరిమాట్ అడ్డుకునేది ఈ పొర కప్పుకునే దశనే. అయితే కాంగోలో ఎంపాక్స్ రోగులపై జరిపిన పరీక్షలో పుండ్లు మానే వ్యవధిని అది తగ్గించలేకపోయింది.