వినోద నౌకాయాన భద్రతా గ్రాంటు, అమెరికా

అమెరికాలో సరదా పడవ ప్రయాణాల భద్రత కోసం సమాఖ్య ప్రభుత్వం రాష్ట్రాలకిచ్చే ఆర్థిక సాయమే వినోద నౌకాయాన భద్రతా గ్రాంటు. దీనికి పునాది 1971 నాటి సమాఖ్య పడవ భద్రతా చట్టం. 1984లో వాలప్-బ్రో సవరణ రాబడి మార్గాన్ని విస్తరించింది. మోటారు పడవల ఇంధనంపై పన్ను, చేపల వేట సామగ్రిపై పన్ను ఒకే ట్రస్టు నిధికి చేరతాయి. పడవలో పోసిన పెట్రోలు మీది పన్నే గస్తీ పడవకూ, నీటిపై తేలే హెచ్చరిక బోయాకూ తిరిగి ఖర్చవుతుందన్నమాట. కోస్ట్ గార్డ్ పంచే సొమ్ములో మూడో వంతు అర్హత గల రాష్ట్రాలకు సమానంగా, మరో వంతు నమోదైన పడవల సంఖ్యను బట్టి, మిగిలిన వంతు అంతకుముందు ఏడాది రాష్ట్రం సొంతంగా పెట్టిన ఖర్చును బట్టి అందుతుంది. కార్యక్రమ వ్యయంలో సమాఖ్య వాటా సగానికి మించదు. శిక్షణ తరగతులు, పడవల నమోదు, గాలింపు, రక్షణ పనులు కూడా దీని కిందికే వస్తాయి.