పీచు బలం ఎంత? సెల్యులోజు నారల గురించి కొన్ని సంగతులు

నేను అమెరికా వచ్చి ఎం.ఎస్. లో చేరిన కొత్తలో మా నాన్న ఫోన్లో "ఏం చదువుతున్నావురా?" అని అడిగారు. కొబ్బరి పీచు మీద పరిశోధన అని చెప్పాను. కాసేపు మాట లేదు. తరవాత "దానికి అంత దూరం పోవాలా? మన దొడ్లో బోలెడు డొక్కలు పడున్నాయి కదా" అన్నారు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్న మనిషి ఆ మాట అనటంలో తప్పేమీ లేదు. ప్రస్తుతం నేను చేసేది సాఫ్టువేరు ఉద్యోగమే అయినా, ఆ రెండేళ్ళలో నేర్చుకున్నది మరిచిపోలేదు. తెలిసినంతవరకు తేలిక మాటల్లో చెప్పే ప్రయత్నం ఇది.

పత్తి, జనపనార, కొబ్బరి పీచు, కలప, మీరు ఆఫీసులో పారేసే కాగితం - వీటన్నిటిలోనూ బరువు మోసే పదార్థం ఒక్కటే, సెల్యులోజు. 1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పాయెన్ దీన్ని మొక్కల నుంచి వేరుచేశాడు. ఇది గ్లూకోజు అణువులు వరసగా చేరిన గొలుసు. మనం తినే అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజు గొలుసే. మరి అన్నం ఎందుకు మెత్తగా ఉడుకుతుంది, పంచె ఎందుకు ఉడకదు? తేడా అంతా లంకె పడిన తీరులో ఉంది. పిండిపదార్థంలో లంకెలు వంపు తిరిగి గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది. సెల్యులోజులో ఒక గ్లూకోజు వెల్లకిలా ఉంటే పక్కది బోర్లా ఉంటుంది. అందువల్ల గొలుసు తిన్నగా, బద్దలా సాగుతుంది. తిన్నగా ఉన్న గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. పత్తిలో ఒక్కో గొలుసులో సుమారు 10,000 గ్లూకోజులు ఉంటాయి.

ఇలా కొన్ని గొలుసులు కట్టగా చేరితే సూక్ష్మ తంతువు అవుతుంది. కలపలో దీని మందం మూడు, నాలుగు నానోమీటర్లే. ఒక్కో తంతువులో 36 గొలుసులు ఉంటాయని చాలాకాలం అనుకున్నారు, ఇప్పుడు 18 అన్న లెక్కకు ఎక్కువమంది మొగ్గుతున్నారు. లోపలి అమరిక గొడవ ఇంకా పెద్దది. ప్రకృతిలో దొరికే సెల్యులోజు ఒక రకం స్ఫటికం కాదు, రెండు రకాల మిశ్రమం అని 1984లో అటల్లా, వాండర్‌హార్ట్ చూపించారు. ఆ రెంటిలో ఏ అణువు ఎక్కడ ఉందో నిషియామా, లాంగన్, షాంజీ 2002, 2003లలో తేల్చారు. పాయెన్ నాటి నుంచి లెక్కేస్తే నూట అరవై ఏళ్ళు దాటింది!

ఇక బలం సంగతి. జపానులో సకురాదా బృందం నారకు బరువు వేలాడదీసి, ఎక్స్-కిరణాలతో స్ఫటికం ఎంత సాగిందో కొలిచింది. 1962లో వాళ్ళు ప్రకటించిన బిరుసుతనం అంకె 138 గిగాపాస్కల్. ఉక్కుకు ఇది సుమారు 200. కానీ ఉక్కు సాంద్రత 7.8, సెల్యులోజుది 1.6 లోపే. బరువుకు బరువు లెక్కేస్తే మన పంచెలోని స్ఫటికం ఉక్కుకు మూడింతలు బిరుసు అన్నమాట.

మరి కొబ్బరి పీచు ఉక్కులా ఎందుకు లేదు? నా థీసిస్ అంతా ఈ ప్రశ్నే. ఒకే ఉక్కు తీగ తిన్నగా ఉంటే సాగదు, స్ప్రింగుగా చుడితే సాగుతుంది. మొక్కల కణాల గోడల్లో కూడా తంతువులు మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలిక పీచు నిడివితో చేసే కోణమే కీలకం. అవిసె నారలో ఇది 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ. బిరుసుతనం 50 గిగాపాస్కల్ దాటుతుంది, కానీ రెండు మూడు శాతం సాగేసరికి పుటుక్కున తెగుతుంది. కొబ్బరి పీచులో కోణం 45 డిగ్రీల దగ్గర. పైగా సెల్యులోజు తక్కువ, లిగ్నిన్ ఎక్కువ. అందుకే బిరుసుతనం నాలుగు నుంచి ఆరు గిగాపాస్కల్ మాత్రమే, కానీ 15 నుంచి 40 శాతం దాకా సాగుతుంది. తిరువనంతపురం ప్రయోగశాలలో సత్యనారాయణ, ఆయన సహచరులు కొబ్బరి చెట్టులో వేర్వేరు భాగాల నారలను ఇలాగే పరీక్షించి 1982లో ప్రచురించారు. నా పని మొదలైంది ఆ వ్యాసంతోనే.

నాకు వచ్చిన అంకె మూడు. అందరికంటే తక్కువ! రెండు నెలలు దాన్ని సమర్థిస్తూ పేజీలు రాశాను. చివరికి ఒక సీనియర్ పీచును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టించాడు. లోపల అంతా బోలు. పీచు అంటే ఒక కడ్డీ కాదు, బోలు గొట్టాల కట్ట. నేను బయటి వ్యాసం కొలిచి గట్టి గుండ్రని కడ్డీ అనుకుని వైశాల్యం లెక్క కట్టాను. అది చాలదన్నట్టు, పీచును అంటించిన జిగురు జారటాన్ని కూడా పీచు సాగుదల కింద రాసుకున్నాను. రెండు తప్పులూ ఒకే వైపు లాగాయి. థీసిస్ గడువుకు ఆరు వారాలుంది. మళ్ళీ మొదటి నుంచి కొలిస్తే అంకె నాలుగున్నర దాటింది. అవిసెను అందుకోలేదు గానీ, నా మొహం నిలబడింది. మొక్కల నారల గురించి ఎవరైనా అంకె చెబితే, వైశాల్యం ఎలా కొలిచారో ముందు అడగండి.

తడి సంగతి కూడా చెప్పాలి. పత్తి నార తడిస్తే బలం పెరుగుతుంది. రేవులో బండకేసి బాదినా పంచె నిలిచేది కొంత అందుకే. రేయాన్ కూడా సెల్యులోజే, కానీ గొలుసులు పొట్టివి, స్ఫటికత తక్కువ. తడిస్తే బలం సగం దాకా పోతుంది. రేయాన్ చీరను పిండేటప్పుడు జాగ్రత్త.

నులక మంచం వాడినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. కొన్నాళ్ళకు నులక సాగి మంచం గుంట పడుతుంది, బిగిస్తే మళ్ళీ పనికొస్తుంది. ఇందులో తాడు పేట సర్దుకోవటం కొంత ఉంది, నార సాగటం కొంత ఉంది. సాగినా నార ఎందుకు నీరసపడదు? 2003లో కెకెష్, ఫ్రాట్జల్ బృందం కలప కణాన్ని లాగుతూ ఎక్స్-కిరణాలతో చూసింది. తంతువుల మధ్యనున్న జిగురు పదార్థం ఒక చోట జారి, ఇంకో చోట మళ్ళీ పట్టుకుంటోంది, చెప్పులకుండే వెల్క్రో పట్టీలాగా. నిడివి శాశ్వతంగా పెరిగినా బిరుసుతనం తగ్గలేదు.

ఆ మెలికలు విప్పి తంతువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పితే? స్వీడన్ లోని కె.టి.హెచ్. విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో అదే చేశారు. కలప గుజ్జు నుంచి తీసిన నానో తంతువులను సన్నని కాలువలో నీటి ప్రవాహంతో వరస పెట్టి దారం తీశారు. దాని బిరుసుతనం 86 గిగాపాస్కల్.

ఈ కబురు ఫోన్లో చెబితే మా నాన్న "అయితే డొక్కల రేటు పెరుగుతుందంటావా?" అన్నారు. వాళ్ళు వాడింది కలప నాన్నా, కొబ్బరి కాదు అని చెప్పాల్సి వచ్చింది.