తుళ్లూరి ప్రాంతమున నాంగ్లపదములు

గుంటూరు మండలమునఁ దుళ్లూరి ప్రాంతమునకుఁ బరభాషాపదములు క్రొత్తవి కావు. కృష్ణాతీరమున నీటివసతి గల నేలలకు నచ్చట జరీబని పేరు; అది పారసీకమునుండి వచ్చిన భూమిమానము పేరు. అచ్చట నరఁటిని గూరగాయలను బెంచు కాఁపునకుఁ గాని, నల్లరేగడి మెట్టలోఁ బ్రత్తిని మిరపను బండించు కాఁపునకుఁ గాని యది పరభాష యన్న స్ఫురణ లేదు. తరతరముల వాడుకలో నది దేశ్యమువలె నైనది.

2015వ సంవత్సరారంభమున వచ్చిన యాంగ్లపదములకు నట్టి యవకాశము లేకపోయెను. రాష్ట్ర విభజనానంతరము రాజధానికై యీ గ్రామముల భూములు గోరఁబడఁగా, రైతులు నిఘంటువులు చూచి కాక యంగీకారపత్రములు చూచి ఆ పదములను నేర్చుకొనవలసి వచ్చెను. ఈ విధమున 33,000 ఎకరములకుఁ బైఁగా నీయఁబడెను.

వానిలో మొదటిది 'పూలింగు'. ప్రభుత్వము దీనిని 'భూసమీకరణము' అనియు, 2013 నాఁటి చట్టము ననుసరించి పరిహారమిచ్చి భూమిని దీసికొను 'అక్విజిషను'ను 'భూసేకరణము' అనియుఁ దెలిఁగించెను. రెంటికిని భేదము మిక్కిలి పెద్దది. మొదటిదానియందు రైతు తనంతఁ దాను భూమి నిచ్చి యభివృద్ధి చేసిన స్థలమును బొందును. రెండవదానియందుఁ బరిహారముతో సరి. తెలుఁగున మాత్రము వినువారి చెవికి నవి కవలలవలెఁ దోఁచును. వ్యాకరణరీత్యా 'సమీకరణము' చ్విప్రత్యయాంతము. సమము గానిదానిని సమముగాఁ జేయుట యని యర్థము. అకారమున కీకారము వచ్చుట దానివలననే. పలువురి భూములను నొక్కచోటఁ జేర్చుట యను నర్థ మందు లేదు. 'సంకలనము' అనియుండిన నింతకంటె నుచితముగా నుండెడిది. బడిలో బాలుఁడు నేర్చిన సమీకరణము వేఱు, తండ్రి వ్రాలు చేసిన సమీకరణము వేఱు!

రెండవది 'రిటర్నబుల్ ప్లాటు'. ఎకరము మెట్టకు 1,000 చదరపు గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము. జరీబునకు నివాసస్థల మంతియే, వాణిజ్యస్థలము 450 గజములు. తిరిగి వచ్చుట యనఁగా నిచ్చిన వస్తువే మరలుట యని లోకము తలంచును. ఇచ్చట నిచ్చినది పొలము, వచ్చునది లాటరీలోఁ దేలిన వేఱొక స్థలము. 2019 డిసెంబరునందు మూఁడు రాజధానుల ప్రస్తావన రాఁగా నా స్థలముల యభివృద్ధియే సంశయాస్పదమయ్యెను. రైతులు నిరసనలకు దిగిరి. 2022 మార్చి 3వ తేదీని ఉన్నత న్యాయస్థానము స్థలముల నభివృద్ధి చేసి యీయవలసినదని తీర్పు చెప్పెను. అందలి గడువులను సర్వోన్నత న్యాయస్థాన మా నవంబరున నిలుపుదల చేసెను.

మూఁడవది 'ఆన్యుటీ'. లాటినులో సంవత్సర మను నర్థము గల పదమునుండి పుట్టినది. ఏఁటేఁట నిచ్చు సొమ్మని దీని భావము. మెట్ట యెకరమునకు 30,000 రూపాయలు, జరీబునకు 50,000. ఏఁటికి వరుసగా 3,000, 5,000 చొప్పునఁ బెరుఁగుచుఁ బదియేండ్లు. దీనికి రైతు లొక్కరును 'వార్షికము' అనలేదు, 'కౌలు' అనిరి. అరబ్బీలో మాట, ఒడంబడిక అని యర్థము గల యీ పదము తెలుఁగున భూమి నేలుకొనువాఁడు భూమి గలవాని కిచ్చు ప్రతిఫలమునకుఁ జెల్లుచున్నది. భూమి నిచ్చివేసినవానికి వచ్చు సొమ్మునకుఁ గౌలను పేరు చట్టరీత్యాఁ జెల్లదనువారు గలరు. అట్లయినను దెలుఁగు వార్తాపత్రికలును 'కౌలు' అనియే వ్రాసినవి.