పొలస పిల్ల – గోదావరి గోడ



భాగవతమున సత్యవ్రతుని కథ మీరెరిగినదే. కృతమాలానదిలో తర్పణము విడుచుచుండగా రాజు దోసిట నొక చేపపిల్ల పడినది. దానికి కమండలువు చాలక కడవ, కడవ చాలక మడుగు, తుదకు సముద్రమే కావలసివచ్చెను. ఈ కథ నెన్నియో మారులు చెప్పితిని గాని, నదిలో పుట్టి కడలి చేరు చేప మన గోదావరిలోనే కలదని వయసు మీరిన పిమ్మట తెలిసికొంటిని. అదియే పొలస. సముద్రమున నున్నప్పుడు విలస యని జాలరుల వాడుక. నేను శాకాహారిని; రుచి మాట తినువారి నడుగుడు.

పొలస ఉప్పునీట బ్రతుకు చేప. వానకాలమున ఎఱ్ఱనీరు కడలికి దిగగానే, గ్రుడ్లు పెట్టుటకై నది కెదురీదును. పెద్ద తల్లి పది లక్షలకు మించియు గ్రుడ్లు విడువగలదు. సుమారొక దినమునకు పిల్ల వెలువడును. దాని పొడవు ఇంచుమించు 3 మిల్లీమీటర్లు, అనగా నువ్వుగింజంత. పొలుసు లేదు; దేహము గాజువలె నుండును. పొట్టక్రింది సొనసంచియే దాని చద్దిమూట. కొన్ని దినములలో సొన తీరును, నోరు తెఱచును, కంటి కగపడని నీటిజీవులను మేయ నారంభించును. పిమ్మట రెక్కలు తీరును, వెండిపొలుసు కప్పును, పొట్ట యంచున ఱంపపు పండ్లవంటి గట్టి పొలుసులు మొలచును. ప్రక్కల నల్లచుక్కల వరుస పసితనపు గుర్తు, పెరిగినకొలది మాసిపోవును. కొన్ని మాసములకు, జానెడైనను కాకమునుపే, ప్రవాహము వెంట కడలికి దిగును.

విశాఖపట్టణమున కుంపిణీ కొలువు చేసిన పాట్రిక్ రసెల్ 1803లో 200 చేపల చిత్రములతో గ్రంథము వెలువరించెను. రక్తపింజరకు ఆంగ్లేయులు పెట్టినది ఈయన పేరే. జాలరుల నోటి పేరునే ఆయన వ్రాసికొనగా, 1829లో ఫ్రాన్సు పండితుడు క్యువియే దానిని శాస్త్రనామమున చేర్చెను. కాని 1822లోనే హామిల్టను బెంగాలీల ‘ఇలిశ’ పేరు పెట్టియుండుటచే అదియే నిలిచినది. ఒక తెనుగు మాట ఏడేండ్ల యాలస్యమున వెనుకబడెనని నాకిప్పటికిని చింత.

ఇక గోడ మాట. 1833 కరువులో జనము నశించిన పిమ్మట, ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట ఆరంభించి 1852లో ముగించెను. డెల్టాకు అన్నము పెట్టిన కట్టను నేను నిందింపను. ఐనను 12 అడుగుల ఎత్తున అది తల్లిచేపకు అడ్డు నిలిచెను. పెద్దవరద గోడను ముంచినప్పుడే దానికి దారి యుండెడిది. భద్రాచలము అచ్చటికి నూరు కిలోమీటర్లకు పైగా ఎగువ. అడ్డుకట్టలలో చేపలకు దారి విడువవలెనని వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే వ్రాసెను. 1975లో ఫరక్కా కట్ట వచ్చిన పిమ్మట, గంగలో అలహాబాదు వఱకు పోవు పొలస రాక అడుగంటినది. బంగ్లాదేశమున 25 సెంటీమీటర్లలోపు పిల్లలను నవంబరు మొదలు జూను వఱకు పట్టరాదని శాసనము. మన పాపికొండల దిగువ పోలవరమున మరియొక గొప్ప కట్ట లేచుచున్నది.

భద్రాచలపు అడవి యంచు గ్రామములలో బడి చెప్పునాడు, రేవున చూచిన చేపల పేర్లు పలకమీద వ్రాయుమని పిల్లల నడుగుచుంటిని. కొరమీను, వాలుగ, బొచ్చె, జెల్ల – పలకలు నిండెడివి. పొలస యని వ్రాసిన పిల్లవాడొక్కడును లేడు.