తత్వం

సంస్కృతంలో ‘తత్’ అంటే అది. దానికి ‘త్వ’ చేరితే ‘తత్త్వం’, అంటే ఉన్నదాని అసలు స్వభావం. సాంఖ్య దర్శనకారులు 25 తత్త్వాలు లెక్కగట్టారు. తెలుగులో ఈ మాట శాస్త్రం దాటి ఇంట్లోకొచ్చింది. మామిడిపండు తింటే సెగగడ్డలు లేచేవాడిది ‘వేడి తత్వం’. దెబ్బ తిన్నాక కళ్లు తెరుచుకుంటే ‘తత్వం బోధపడింది’ అంటాం. అన్నిటికన్నా ముచ్చటైన సంగతి, పాటకే ఆ పేరు పెట్టుకోవడం. పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేర తత్వాలు నేటికీ పల్లెల్లో వినిపిస్తాయి. పనులయ్యాక అరుగు మీద ఒకరు తంబుర మీటుతూ ఎత్తుకుంటే, చుట్టూ ఉన్నవాళ్లు వంత పాడతారు. ఒంటిని మట్టికుండగా చూపే పాటలో కుమ్మరికి తన సారె కనిపిస్తుంది. తెలుసుకున్నది పదిమందితో కలిసి పాడుకోవడమే మన తత్వం.