గోదావరి మాగాణిలో ఎండాకు తెగులు

ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాను వరి మాగాణిగా స్థిరపరచగా, కాలువ నీటితో నిండిన ఆ మళ్ళే ఒక శతాబ్దం గడిచాక బాక్టీరియా ఎండాకు తెగులుకు అనువైన తావులయ్యాయి. జపానులోని క్యూషూ దీవిలో 1884 ప్రాంతంలో రైతుల కంటబడిన ఈ తెగులు, భారతదేశంలో తొలిసారి తీవ్రంగా విజృంభించింది 1963లో, బీహారులోని షాహాబాద్ జిల్లాలో. 1960–61లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకానికి ఎంపికైన తొలి ఏడు జిల్లాలలో షాహాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి కూడా ఉండడం ఇక్కడ గమనించదగినది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో సాగుచేసి ప్రచారంలోకి తెచ్చిన ఐఆర్-8 దిగుబడిలో సాటిలేనిదే అయినా, ఈ తెగులును తట్టుకోలేని రకం. నత్రజని మోతాదు పెరగడం, నారు కొనలు తుంచి నాటడం తెగులుకు మరింత ఊతమిచ్చాయి.

తెగులుకు కారణమైన జాంథోమోనాస్ ఒరైజే అనే సూక్ష్మజీవి, ఆకు అంచున తెల్లవారుజామున నీటి బొట్లు ఊరే రంధ్రాల గుండానో, గాయాల గుండానో లోపలికి చేరి, నీటిని మోసే నాళాలలో పెరుగుతుంది. అంచులు అలల్లాగా పసుపుబారి ఎండుతాయి. అయితే అసలు దాడి కంటికి కనిపించదు. సూదివంటి సన్నని గొట్టాన్ని మొక్క కణగోడ గుండా చొప్పించి, దాని కొనవద్ద కణపు పొరలో రంధ్రం చేసే ప్రోటీన్లను ఈ జీవి స్రవిస్తుంది. వాటిలో ముఖ్యమైన హెచ్‌ఆర్‌పి-ఎఫ్ కొవ్వు పొరలలో రంధ్రాలు ఏర్పరచగలదని, మిరప, టమాటాలను సోకే దగ్గరి బంధువైన జాంథోమోనాస్‌పై జర్మనీలోని హాలే శాస్త్రవేత్తలు 2002లో చూపారు. ఆ దారిన కణంలోకి ప్రవేశించిన ఇతర ప్రోటీన్లు కేంద్రకానికి చేరి, చక్కెరను బయటికి పంపే వరి జన్యువునే మేల్కొలుపుతాయి. మొక్క తన ఆహారాన్ని తన శత్రువుకు తానే అందిస్తుంది. సూదివంటి గొట్టంతో చేసే ఇలాంటి చొరబాటు మరెన్నో వ్యాధికారక బాక్టీరియాలలోనూ కనిపిస్తుంది.

బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నానికి ఎంత పేరుబడినా, ఈ తెగులుకు సులభంగా లొంగేది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎక్స్‌ఎ-21, ఎక్స్‌ఎ-13, ఎక్స్‌ఎ-5 అనే మూడు జన్యువులను సంకరణం ద్వారా అందులో చేర్చి, మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చిన మొదటిది కణం పైభాగాన కాపలా కాసి శత్రువును పసిగడుతుంది. రెండవది చక్కెర జన్యువు మేల్కొనకుండా నిలువరిస్తుంది. మూడవది సూక్ష్మజీవి ప్రోటీన్లు వాడుకునే కణయంత్రంలోని ఒక భాగాన్ని మారుస్తుంది. సోకిన చేనును మాన్పే నమ్మకమైన మందు నేటికీ లేనందున, సార్వాలో తెగులు కనిపించే మాగాణులలో తట్టుకునే విత్తనం ఎంచుకోవడం, యూరియా తగ్గించడం, నారు కొనలు తుంచకపోవడం గోదావరి రైతు చేతిలోని సాధనాలు.